‘మరో ఆధారం లేనప్పుడు’ అన్న మాట ఎవరి కోసం?

మా ఇంట్లో నీళ్లకు రెండు పేర్లున్నాయి. కుళాయిలో వచ్చేవి వాడుక నీళ్లు. డబ్బాలో కొనుక్కునేవి మంచినీళ్లు. హైదరాబాద్ దక్షిణ శివారులోని మా కాలనీలో ఉర్దూ మాట్లాడే ఇళ్లవారు వీటినే ఖారా పానీ, మీఠా పానీ అంటారు. భాష ఏదైనా భావం ఒక్కటే. కుళాయి కింద గ్లాసు పట్టకూడదని మాటలు పూర్తిగా రాని పసిపిల్లలకు సైతం తెలుసు. నగరం నడిబొడ్డున ఉన్న మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల పిల్లలు వంటింటి కుళాయి తిప్పి నీళ్లు తాగడం చూసి మా చిన్నవాడు కేక పెట్టాడు. ఆ కేక విని అందరం నవ్వుకున్నాం. తిరుగు ప్రయాణంలో మాత్రం నాకు నవ్వు రాలేదు.

గత చలికాలంలో మా గీజరు రెండోసారి చెడిపోయింది. మరమ్మతు చేయడానికి వచ్చిన యువకుడు లోపలి హీటింగ్ రాడ్డును బయటికి తీస్తే, దాని చుట్టూ బొటనవేలంత మందాన తెల్లటి సున్నపు పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో కొడితే గోడ సున్నంలా రాలింది. “తప్పు మిషనుది కాదు భాయ్, నీళ్లది. ఈ బస్తీలో ఏ ఇంటికి వెళ్లినా ఇదే తీస్తున్నాను” అన్నాడతను. ఆ మాట మీద కుళాయి నీటిని సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. నివేదికలో మొత్తం కాఠిన్యత లీటరుకు 540 మిల్లీగ్రాములని వచ్చింది.

ఆ అంకె కంటే దాని పక్కనున్న రెండు గడులు నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యతకు ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. రెండో గడిలో 600 అని ఉంది. దానికి ఒక షరతు ఉంది: మరో నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే అనుమతించదగిన పరిమితి అది. మా నీరు మొదటి గీతను రెండున్నర రెట్లు దాటింది. రెండో గీత లోపల ఉంది. అంటే, మాకు మరో ఆధారం లేదని ఎవరైనా ఒప్పుకుంటే మా నీరు సక్రమం. ఉందని ఒప్పుకుంటే అక్రమం. మా ఇంటి నీటి యోగ్యత అంతా ఆ ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఆ షరతును మాకు ఎవరు వర్తింపజేశారు, ఎంతకాలానికి వర్తింపజేశారు అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

రాతిని కరిగించుకున్న నీరు

వాన నీరు సహజంగా మృదు జలం. నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ గుణంతో రాతిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద వెలసిన నగరం. ఇక్కడి భూగర్భజలం రాతి పైపొరల్లోనూ, పగుళ్లలోనూ నిలిచి ఉంటుంది. పైనున్న నీరు తోడేసిన కొద్దీ బోర్లు లోతుకు పోతాయి. లోతున నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది కనుక లవణాల మోతాదు సాధారణంగా పెరుగుతుంది. మా వంటి కాలనీల్లో కుళాయి అంటే నదికి అనుసంధానమైన గొట్టం కాదు. ఎక్కడో తవ్విన బోరు నీటిని ట్యాంకులోకి ఎక్కించి వీధుల్లోకి వదిలే ఏర్పాటు మాత్రమే. కుళాయి ఉందని లెక్కల్లో నమోదవుతుంది. అందులో ఏ నీరు వస్తుందో నమోదు కాదు.

కాఠిన్యత రెండు రకాలు. బైకార్బొనేట్ల వల్ల వచ్చేది తాత్కాలికమైనది. నీటిని మరిగిస్తే అది గిన్నె అడుగున తెల్లటి పొరగా పేరుకుంటుంది. సల్ఫేట్లు, క్లోరైడుల వల్ల వచ్చేది శాశ్వతమైనది, మరిగించినా పోదు. పటిక తిప్పితే బురద పేరుకుంటుందే తప్ప కాఠిన్యత తగ్గదు. గుడ్డతో వడపోసినా, క్లోరిన్ బిళ్ల వేసినా తగ్గదు. మన నానమ్మలు నేర్పిన ఉపాయాలన్నీ చెరువు నీటికీ బావి నీటికీ పుట్టినవి. వేయి అడుగుల బోరు నీటి ముందు అవి పనిచేయవు.

ఒక ఇంటి జమాఖర్చు

మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాలకు కేంద్ర ప్రభుత్వ నిబంధనావళి సూచించే నీటి పరిమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ లెక్కన ఆరుగురున్న ఇంటికి 810 లీటర్లు కావాలి. లీటరుకు 540 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు సుమారు 437 గ్రాములు, నెలకు 13 కిలోల సున్నపురాయికి సమానమైన లవణాలు ఆ ఇంటి గుండా ప్రవహిస్తాయి. అందులో అధిక భాగం నీటితోపాటు కాలువలోకే పోతుంది. మిగిలిన కొద్ది భాగమే కుళాయి మూతిని మూసేస్తుంది, గీజరును తినేస్తుంది, వాషింగ్ మిషను గొట్టాలను బిగిస్తుంది, స్నానాల గది పలకల మీద ఎంత రుద్దినా పోని తెల్లటి మరకలు వేస్తుంది. రాడ్డు మీద పేరుకున్న పెచ్చు వేడిని నీటికి చేరనివ్వదు. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, చివరికి రాడ్డే మాడిపోతుంది.

సబ్బు సంగతి పాఠశాల రసాయన శాస్త్రంలోనే ఉంది. కఠిన జలంలోని కాల్షియం మొదట సబ్బుతో కలిసి, కరగని జిడ్డు తెట్టుగా మారుతుంది. ఆ కాల్షియం అయిపోయాకే నురుగు పుడుతుంది. ఒక గ్రాము కాఠిన్యత దాదాపు ఆరు గ్రాముల సబ్బును మింగుతుంది. మా 20 లీటర్ల బకెట్టులో దాదాపు 11 గ్రాముల కాఠిన్యత ఉంది. అంటే ఆ బకెట్టు నీరు సరిగ్గా నురగ కట్టాలంటే ముందుగా 65 గ్రాముల సబ్బు వృథా కావాలి. వంద గ్రాముల సబ్బుబిళ్లలో మూడింట రెండు వంతులు! అంత సబ్బు ఎవరూ వాడరు కనుక బట్టలు పూర్తిగా శుభ్రపడవు. ఆ తెట్టు నూలు పోగుల్లో చిక్కుకొని తెల్ల కుర్తాను బూడిద రంగులోకి తెస్తుంది, తువ్వాలును గరుకు గుడ్డగా మారుస్తుంది. డిటర్జెంటు పొడికి ఈ ఇబ్బంది తక్కువే. అయినా కఠిన జలంలో పొడి కూడా ఎక్కువే పడుతుంది. పండుగకు కుట్టించిన బట్ట మరుసటి పండుగ నాటికి పాతబడితే ‘గుడ్డ మంచిది కాదు’ అనుకుంటాం. గుడ్డ మంచిదే.

వంటింటి ఖర్చు వేరు. కఠిన జలంలోని కాల్షియం కందిపప్పు, శనగల పైపొరను గట్టిపరుస్తుంది. అవి ఆలస్యంగా ఉడుకుతాయి. ఆ ఆలస్యమంతా గ్యాసు. రంజాన్ మాసంలో ఇఫ్తారుకు శనగలు ఉడకబెట్టే ఇల్లాలికి ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కరలేదు. అందుకే మా ఇంట్లో పప్పుకు, చాయ్‌కి కూడా డబ్బా నీళ్లే వాడతారు. రోజుకు ఒక డబ్బా, 20 రూపాయలు. నెలకు 600. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు దీనికి అదనం.

ఈ ఖర్చుల్లో ఏదీ నీటి బిల్లులో కనబడదు. సబ్బు కిరాణా ఖాతాలో ఉంటుంది, గ్యాసు వంటింటి ఖాతాలో ఉంటుంది, గీజరు రాడ్డు మరమ్మతు ఖాతాలో ఉంటుంది, డబ్బా చిల్లర ఖాతాలో ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే అది ఒక పన్ను. నది నీరు అందని ఇళ్లు మాత్రమే చెల్లించే పన్ను. ఆదాయం ఎంత తక్కువైతే ఈ పన్ను వాటా అంత ఎక్కువ. ఇది డబ్బు రూపంలోనే వసూలవుతుందనుకోవద్దు. డబ్బా కోసం ఎదురుచూడటం, నీళ్లు వచ్చే వేళకు మెలకువగా ఉండటం, రెండు రకాల బిందెలు వేరుగా పెట్టుకోవడం, నిమ్మచెక్కతో కుళాయిలు తోమడం మా ఇంట్లో నేను చేసే పనులు కావు. మా తల్లి, నా భార్య చేసే పనులు. మన సముదాయంలో నీటి గురించి దరఖాస్తులు రాసేది పురుషులు. నీటి భారం మోసేది స్త్రీలు. మన దరఖాస్తులు ఇంత నెమ్మదిగా కదలడానికి ఇదొక కారణం కాదా?

భయపెట్టకుండా నిజం చెప్పుకుందాం

హక్కుల కోసం మాట్లాడేవారు అతిశయోక్తికి లొంగకూడదు. కఠిన జలం విషం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యతకు ఆరోగ్యపరమైన గరిష్ఠ పరిమితిని నిర్ణయించలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైన ఖనిజాలే. కఠిన జలం తాగితే మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయన్న మాట మన బస్తీల్లో ప్రచారంలో ఉంది గాని, దానికి గట్టి ఆధారం లేదు. పసిపిల్లల్లో పొడి చర్మపు దురదకూ కఠిన జలానికీ సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు గమనించాయి. అయితే అప్పటికే ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో నీటిని మృదువుగా మార్చే యంత్రాలు అమర్చి ఇంగ్లండులో చేసిన పరిశోధన 2011లో వెలువడినప్పుడు, దానివల్ల వ్యాధి తగ్గినట్టు తేలలేదు. జుట్టు గరుకెక్కడం, సబ్బు తెట్టు చర్మం మీద మిగిలి చిరచిరలాడటం మాత్రం అందరికీ అనుభవమే.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. రుచి లేని నీటిని మనుషులు తక్కువ తాగుతారు. తక్కువ తాగడం మూత్రపిండాలకు మంచిది కాదు. లోతైన బోరు నీటిలో కాఠిన్యతతోపాటు ఫ్లోరైడు ఉండవచ్చు. మురుగు ఇంకే బస్తీల్లో నైట్రేటు ఉండవచ్చు. ఇవి కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. గిన్నె అడుగున కనిపించే సున్నం మనల్ని హెచ్చరిస్తుంది. ఫ్లోరైడు అలా హెచ్చరించదు. మాది నల్లగొండ జిల్లా. వంగిన వెన్నెముకలను, పచ్చబడిన పళ్లను చూస్తూ పెరిగినవాడిని కనుక ఈ మాట బాధ్యతతో అంటున్నాను. నీటిని పరీక్షించకుండా ‘అలవాటైపోయింది’ అనుకోవడం కంటే పెద్ద నిర్లక్ష్యం లేదు.

అంగడిలో దొరికే పరిష్కారాలు

ఈ దుస్థితి ఒక పెద్ద వ్యాపారానికి జన్మనిచ్చింది. ఆర్వో యంత్రం కాఠిన్యతను తొలగిస్తుంది, నిజమే. అయితే ఇళ్లలో వాడే యంత్రాలు ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి మామూలుగా రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతాయి. భూగర్భజలం అడుగంటుతున్న చోట అదే నీటిని తోడి, ముప్పావు వంతు పారబోయడం ఎంత విడ్డూరం! ఆర్వో వంటింటి సమస్యను తీరుస్తుంది గాని స్నానపు గదిని, బట్టలను, గీజరును తాకదు. ఇంటి మొత్తానికీ పనిచేసే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియాన్ని నీటిలో కలుపుతుంది. రక్తపోటు ఉన్నవారు ఆ నీటిని తాగే ముందు వైద్యుణ్ని అడగడం మంచిది. దానికి క్రమం తప్పకుండా ఉప్పు వేయాలి, కొనడానికి వేల రూపాయలు కావాలి, అద్దె ఇంట్లో అమర్చుకునే వీలుండదు. గొట్టానికి అయస్కాంతం కడితే నీరు మృదువవుతుందనే ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఇక డబ్బా నీళ్లు. ఆ ప్లాంటులో వడపొత పొరను ఎప్పుడు మార్చారో, డబ్బాను ఎలా కడుగుతారో, చివరిసారి పరీక్ష ఎప్పుడు జరిగిందో తెలిపే కాగితం మా పరిసరాల్లో ఏ గోడ మీదా నేను చూడలేదు. మున్సిపాలిటీ బాధ్యతను ప్లాంటు యజమానికి, ప్లాంటు యజమాని బాధ్యతను మన అదృష్టానికి అప్పగించాం. వీటిలో ఏదైనా తాత్కాలిక అవసరమే అవుతుంది. దాన్ని శాశ్వత ఏర్పాటుగా అంగీకరించిన రోజున, మాకు మరో ఆధారం లేదని మనమే సంతకం చేసినట్టు.

నిజంగా మరో ఆధారం లేదా?

1908 సెప్టెంబరు చివరలో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ విషాదం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు నిర్మించాలని సంకల్పించారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద నివారణకు పుట్టిన ఆలోచన నగరానికి దశాబ్దాల పాటు మంచినీరు తాగించింది. తర్వాత మంజీరా నీరు వచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో కృష్ణా నీరు, ఆపైన గోదావరి నీరు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాల నుంచి తోడిన కృష్ణా నీరు నల్లగొండ జిల్లాలో శుద్ధి పొంది, నగరానికి ఆగ్నేయ దిశలోని సాహెబ్‌నగర్‌కు చేరుతుంది. మేము నివసించే దిక్కుకు అది దూరం కాదు. నది నీటిలో కాఠిన్యత మా బోరు నీటితో పోలిస్తే ఎంతో తక్కువ. కనుక ఆధారం ఉంది. లేనిది ఆధారానికీ మా వీధికీ మధ్య గొట్టం.

ఆ గొట్టం ఎందుకు రాలేదు? దీనికి ఒక్క జవాబు లేదు. పాతబస్తీలో కుటుంబాలు పెరిగి, ఇళ్లు చాలక, అద్దెలు భరించలేక జనం దక్షిణానికి జరిగారు. ఇతర ప్రాంతాల్లో ముస్లిం పేరు వినగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న జవాబు ఎదురై ఇక్కడికి వచ్చినవారూ ఉన్నారు. జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన మావంటి వారం ఉన్నాం. చవకగా దొరికిన స్థలాల్లో చాలావాటికి లేఅవుట్ అనుమతులు లేవు. ముందు ఇళ్లు వచ్చాయి, తర్వాత రోడ్లు వచ్చాయి, నీరు అన్నిటికంటే వెనుకబడింది. అనుమతి లేని లేఅవుట్ వేసి అమ్మినవారు లాభంతో వెళ్లిపోయారు. రిజిస్ట్రేషన్ రుసుము, ఇంటి పన్ను వసూలు చేసినప్పుడు అనుమతి గురించి అడగని ప్రభుత్వం, గొట్టం అడిగినప్పుడు మాత్రం అడుగుతుంది.

ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాల్లో మౌలిక సదుపాయాల లోటును జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే దేశం ముందుంచింది. ఆ లోటును పూడ్చడం కోసమే 2008-09లో బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమం మొదలై, 2018లో ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్‌గా మారింది. మన ప్రతినిధులు ఈ పథకం కింద షాదీఖానాలు, భవనాలు అడిగినంత గట్టిగా తాగునీటి గొట్టాలను అడిగారా? భవనానికి శిలాఫలకం ఉంటుంది. భూమిలో పూడ్చిన గొట్టానికి ఉండదు.

2021 జనవరి నుంచి గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచిత నీటి పథకం అమలులోకి వచ్చింది. మంచి పథకమే. అయితే ఉచితం కావాలంటే ముందుగా కనెక్షన్ ఉండాలి. నది నీటి గొట్టం ఉన్న ఇంటికి నీరు ఉచితం, అది లేని ఇంటికి డబ్బా నీరు 20 రూపాయలు. ఇది ఎవరూ కావాలని చేసిన వివక్ష కాకపోవచ్చు. ఫలితం మాత్రం వివక్షే.

ఇది ముస్లింల సమస్య మాత్రమే కాదని కూడా చెప్పాలి. బోరు నీరు మతం అడగదు. మా కాలనీ వెనుక ఉన్న బస్తీలో దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలున్నాయి. వాళ్ల గిన్నెల అడుగునా ఇదే సున్నం. మన పోరాటం వారితో కలిసినప్పుడే అది న్యాయమైనది, బలమైనది అవుతుంది.

చట్టం మన పక్షాన ఉంది. రాజ్యాంగం 12వ షెడ్యూలు గృహావసరాల నీటి సరఫరాను పురపాలక సంస్థల విధుల్లో చేర్చింది. కాలుష్యం లేని నీరు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో పేర్కొంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు సంబంధించిన ఎం.వి. నాయుడు కేసులో, తాగునీరు పొందడం ప్రాథమిక హక్కు అనీ, దాన్ని అందించడం ప్రభుత్వ విధి అనీ 2000 డిసెంబరులో స్పష్టం చేసింది. మన నగరపు చెరువుల గురించి వెలువడిన తీర్పు మన శివారుకే వర్తించకపోతే ఎలా?

సహనం ఏది, అలసత్వం ఏది?

ఒకరోజు మా అమ్మ అడిగింది: “బేటా, ఈ తెల్లనీళ్లతో వుజూ అవుతుందా?” మసీదు ఇమాము గారిని అడిగాను. అవుతుందన్నారు. నేలలోని లవణాలు సహజంగా కలిసిన నీరు పరిశుద్ధమైనదే, పరిశుద్ధపరిచేదే. సముద్రపు నీటి గురించి అడిగినప్పుడు కూడా దైవప్రవక్త (స) అది పరిశుద్ధపరిచేదేనని తెలిపారు. అమ్మ మనసు కుదుటపడింది. నాకు మాత్రం మరో ఆలోచన వచ్చింది. ధర్మం మనపై భారం తగ్గించడానికి ఇచ్చిన వెసులుబాటును మనం పాలకులకు ఇచ్చిన వెసులుబాటుగా మార్చామా? దైవం మన వుజూను స్వీకరించాడంటే, మున్సిపాలిటీ నిర్లక్ష్యాన్ని మనం స్వీకరించాలని అర్థమా?

మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లకు మదీనాలో ఎదురైన ఇబ్బందుల్లో నీరు ఒకటి. రూమా బావి నీరు తియ్యనిది. ఆ నీరు వెల ఇచ్చి కొనుక్కోవలసిందే. ఆనాటి పరిస్థితిలో మన డబ్బా నీళ్ల కథ కనబడటం లేదూ! దైవప్రవక్త (స) ఆ వలసజీవులకు ‘ఉప్పునీటికి అలవాటు పడండి’ అని బోధించి ఊరుకోలేదు. ఆ బావిని కొని అందరికీ అందుబాటులో ఉంచేవారికి స్వర్గ శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని ప్రజలకు అంకితం చేశారు. మంచినీటి కొరతకు ప్రవక్త (స) చూపిన పరిష్కారం ఇంటింటికీ ఒక బావి కాదు, అందరికీ కలిపి ఒక మంచి బావి. నీరు అందరి ఉమ్మడి భాగస్వామ్యమని బోధించిన సంప్రదాయం మనది. మరి మనం చేసిందేమిటి? ఇంటికో బోరు వేసుకున్నాం. పొరుగువాడి బోరు ఎండితే మరో రెండు వందల అడుగులు దించాం. 2002 నాటి వాల్టా చట్టం బోరుకు అనుమతి తీసుకోమంటుందన్న సంగతే మరిచాం.

మార్చలేని కష్టాన్ని గౌరవంగా భరించడం సబ్ర్. మార్చగలిగిన అన్యాయాన్ని చూస్తూ కూర్చోవడం సబ్ర్ కాదు, అలసత్వం.

మనం చేయగలిగినవి

ముందు మన చేతిలో ఉన్నది చూద్దాం. ప్రతి కాలనీ సంఘం, ప్రతి మసీదు కమిటీ ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందూ తర్వాతా, కుళాయి నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాలి. కాఠిన్యత ఒక్కటే కాక ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవులు కూడా చూడాలి. ఆ నివేదికను మసీదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కన పెట్టాలి. డబ్బా ప్లాంట్ల నుంచి కూడా అదే కాగితం అడగాలి.

వాన నీటిని వదులుకోకూడదు. 200 చదరపు మీటర్ల మసీదు కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే, లెక్క ప్రకారం 1,60,000 లీటర్ల మృదు జలం దిగుతుంది. కొంత నష్టం పోయినా, దాన్ని శుభ్రమైన ఇంకుడు గుంతకు మళ్లిస్తే కింది నీటి గాఢత తగ్గే అవకాశం ఉంది. ఆకాశం నుంచి దిగే నీటిని తాను చేదుగా మార్చగలిగి ఉండీ అలా చేయలేదన్న సంగతిని అల్ వాఖిఆ అధ్యాయంలో దైవం మనకు గుర్తుచేస్తున్నాడు. ఆ తియ్యని నీటిని మురుగు కాలువలోకి వదలడం కృతజ్ఞత అవుతుందా?

ఇక ప్రభుత్వాన్ని అడగవలసినవి. మా వార్డు కుళాయిలకు వచ్చే నీటి మూలం ఏది? గత మూడేళ్ల పరీక్షల ఫలితాలేవి? నది నీటి గొట్టం ఏ వీధి దాకా వచ్చింది, మిగిలిన వీధులకు ఏ సంవత్సరంలో వస్తుంది? సమాచార హక్కు చట్టం కింద ఈ మూడు ప్రశ్నలకు 30 రోజుల్లో జవాబు రావాలి. గొట్టం వచ్చే దాకా బోరు నీటితో నది నీటిని కలిపి కాఠిన్యతను 200 దగ్గరికి తేవాలని, కనీసం తాగునీటిని ట్యాంకర్ల ద్వారా ఉచితంగా ఇవ్వాలని కోరాలి. ఈ దరఖాస్తులపై స్త్రీల సంతకాలు ముందుండాలి.

ఇలా అడిగితే ఏమవుతుందని నిరాశపడేవారికి మా నల్లగొండ సంగతి చెబుతాను. ఫ్లోరైడు నీటికి నిరసనగా జలసాధన సమితి ఇచ్చిన పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్టు పత్రం పుస్తకంలా తయారైంది. దేశం నల్లగొండ నీటి వైపు తలతిప్పి చూసింది. నది నీరు వెంటనే రాలేదు, ఏళ్లు పట్టింది. అయినా వచ్చింది. వాళ్లకు మరో ఆధారం లేదన్న మాటను వాళ్లు అంగీకరించలేదు కనుకనే వచ్చింది.

మా అమ్మ ఇప్పటికీ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు ఇదే నీటితో వుజూ చేసుకుంటుంది. ఆమె వాడే లోటా అంచుకు సున్నం పట్టి ఉంది. పరీక్ష నివేదికను మడిచి నా బల్ల సొరుగులో దాచాను. వచ్చే వానాకాలం తర్వాత మళ్లీ సీసా పట్టి ఇస్తాను. అంకె ఒక్క ఏడాదిలో మారకపోవచ్చు. ఈసారి మాత్రం ఆ కాగితాన్ని సొరుగులో పెట్టను. కాలనీ వాళ్ల సంతకాలతో మున్సిపల్ కమిషనరు బల్ల మీద పెడతాను.